యాభై ఎనిమిది మందికి సరిపడా నీడ

హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఫారంలో ఇరవై మూడు గళ్ళు ఉన్నాయి. ఇరవై కార్లు నిలపడానికి చోటుందా అని ఒక గడి. స్థలం ఊరి మధ్య నుంచి బస్సులో అరగంటకి మించని దూరంలో ఉందా అని ఒకటి. ఆరుబయలేనా, గుడి ఆవరణ కాదు కదా, మైకు పెట్టుకోవచ్చా అని మరో మూడు. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి ఉందా అని అడిగే గడి మాత్రం లేదు. మా రాజమండ్రి బ్రాంచిలో కారున్నది ఒక్క మేనేజరు గారికే, అది కూడా కంపెనీదే. ఆడవాళ్ళు ఏడుగురు. ఆ ఫారం రాసినవాళ్ళు మా ఊరిని ఎప్పుడూ చూడలేదని నాకు అక్కడే అర్థమైంది.

పుష్కరాలు అయిన మరుసటి ఏడాది మాట ఇది. మాది రైతులకి విత్తనాలూ పురుగుమందులూ, చెరువుల వాళ్ళకి రొయ్యల మేతా అమ్మే కంపెనీ. ఆఫీసులో ఇరవై ఒక్కమంది, గోడౌనులో పదిహేడు, ఊళ్ళు తిరిగే ఫీల్డు వాళ్ళు ఇరవై ఆరు, మొత్తం అరవై నాలుగు. ఆ సంవత్సరం హెడ్డాఫీసు వాళ్ళు ప్రతి బ్రాంచికీ ఒక ఆదివారం 'టీమ్ బిల్డింగ్' పెట్టమన్నారు. ఊళ్ళోనే ఏదో ఒక ఆరుబయట స్థలంలో అందరూ రోజంతా కలిసి ఆటలాడాలి, కలిసి తినాలి, దాంతో ఐకమత్యం వస్తుందని వాళ్ళ నమ్మకం. హాజరు మూడుసార్లు తియ్యాలి: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మూడుసార్లూ నూటికి తొంభై మంది ఉండాలి. అరవై నాలుగుకి తొంభై శాతమంటే యాభై ఏడున్నర దాటుతుంది. మనిషిని ముక్కలు చెయ్యలేం కనక యాభై ఎనిమిది.

ఆ యాభై ఎనిమిది నాకెందుకు అంత ముఖ్యమో చెప్పాలి. నేను పదో తరగతితో చదువాపినవాణ్ణి. సామర్లకోట గోడౌనులో పదకొండేళ్ళు గుమాస్తాగా చేశాను. బస్తాల వరసల పొడుగూ వెడల్పూ ఎత్తూ చూసి, దగ్గరికి వెళ్ళకుండానే ఎన్ని బస్తాలున్నాయో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. ఆ ఒక్క విద్యతో రాజమండ్రి ఆఫీసుకి తెచ్చి, పరిపాలన పనులకి ఇన్‌ఛార్జిని చేశారు. మూడేళ్ళయినా పేరు చివర ఆ 'ఇన్‌ఛార్జి' అలాగే ఉంది. ఆఫీసరు కావాలంటే డిగ్రీ ఉండాలని కొత్త రూలు వచ్చింది. మా మేనేజరు గారు నా కోసం ఒక ఉత్తరం రాశారు. దాని మీద నిర్ణయం తీసుకోవలసిన పర్సనెల్ ఆఫీసరు గారే ఈ ఆటల రోజు హైదరాబాదు నుంచి వస్తున్నారు. "స్థలం నుంచి హాజరు దాకా అంతా మీ చేతిలో ఉందండి. బాగా జరిగితే నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. లేకపోతే చెప్పినా లాభం లేదు," అన్నారు మేనేజరు గారు. లేకపోతే అంటే సామర్లకోట.

సరే, స్థలాల కోసం బయల్దేరాను. నా అడుగు రెండుంపావు అడుగులు. ఎక్కడికెళ్ళినా అడుగులతో కొలవడం నాకు అలవాటు. మనిషి కాళ్ళు మడుచుకుని కూర్చుని పక్కవాడి మోచెయ్యి తగలకుండా తినాలంటే ఎనిమిది చదరపు అడుగులు కావాలి. ఆ లెక్కన అరవై నాలుగు మందికి అయిదువందల పన్నెండు చదరపు అడుగుల నీడ, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా, కదలకుండా. నీడ కదలకుండా ఉండదు కాబట్టి దానికి రెండింతలు.

గోదావరి గట్టు మీది మునిసిపాలిటీ పార్కు ముందు చూశాను. అక్కడి కాపలా మనిషి చాలా మర్యాదస్తుడు. మైకు పెట్టకూడదండి, బంతి ఆడకూడదండి, గడ్డి మీద కూర్చోకూడదండి, అన్నం తినకూడదండి అని ఒక్కొక్కటీ వేళ్ళు మడిచి చెప్పాడు.

"మరి ఏం చెయ్యొచ్చండి?"

మడవకుండా మిగిలిన వేలు చూసుకున్నాడు. "నడవొచ్చండి," అన్నాడు.

తర్వాత ఒక కాలేజీ మైదానం. అక్కడ చోటుకి కొదవలేదు. కానీ చెట్టనేది లేదు, పైగా నేను చూసిన ఆదివారం ఒకేసారి తొమ్మిది క్రికెట్ ఆటలు జరుగుతున్నాయి. ఒకరి బంతి ఇంకొకరి వికెట్టుకి తగిలితే అవుటో కాదో వాళ్ళే తేల్చుకుంటున్నారు. అరవై నాలుగు మందిని తీసుకెళ్ళి ఆ మధ్యలో నిలబెట్టి ఐకమత్యం నేర్పడం నా వల్ల కాదనుకున్నాను.

మేనేజరు గారి మనసు మాత్రం నది మధ్య ఇసుక తిన్నె మీద ఉంది. ఫొటోలు బాగా వస్తాయన్నారు. పడవకి పాతిక మంది. వెళ్ళడానికి ఇరవై నిమిషాలు, తిరిగి రావడానికి ఇరవై. మూడు దఫాలు. మొదటి పడవలో వెళ్ళినవాళ్ళు చివరి పడవ కోసం గంటా ఇరవై నిమిషాలు ఎండలో ఇసుక మీద నిలబడాలి. ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే ఆయన, "మీరు అన్నిటికీ లెక్కలు వేస్తారండి, కొంచెం ఉత్సాహం కూడా ఉండాలి," అన్నారు. ఏడుగురు ఆడవాళ్ళు నది మధ్యలో రోజంతా ఏం చెయ్యాలండి అని అడిగాను. తిన్నె సంగతి మళ్ళీ రాలేదు.

చివరికి ధవళేశ్వరం రోడ్డులో కాలవ పక్కన ఒక తోట దొరికింది. బోరు ఉంది, రేకుల షెడ్డు ఉంది, మరుగుదొడ్లు రెండున్నాయి. తోటాయన పెద్ద కమతం ఉన్న రైతు. నా మాట విని, పంచె మడుచుకుని అరుగు మీద కూర్చుని, ఒక నోటు పుస్తకం తీశారు.

"కార్తీక మాసంలోనాండి?" అన్నారు, జాలిగా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. డిసెంబరు పదిలోగా ముగించమన్నది హెడ్డాఫీసు. మధ్యలో ఉన్నవి నాలుగు ఆదివారాలు, నాలుగూ కార్తీక మాసంలోవే. కార్తీకంలో ఆదివారమంటే మా వైపు తోట అన్నది ఖాళీగా ఉండదు, వనభోజనాలు. ఒకప్పుడు ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగులూ వెళ్ళేవారు. నాకు ఊహ తెలిశాక ఎవరి కులానికి వాళ్ళు సంఘం పెట్టుకుని, కరపత్రాలు వేసి, మైకులతో, వందల మందితో చేసుకోవడం మొదలైంది.

"ఎవరివండి?" అన్నారు తోటాయన, పెన్ను పట్టుకుని.

"కంపెనీవండి."

"కంపెనీ సరేనండి. ఎవరివి?"

"అందరూ ఉంటారండి."

ఆయన పెన్ను పక్కన పెట్టి నన్ను ఒకసారి చూశారు. "అందరూ అయితే ఇంక సంఘం ఎందుకండి?" అన్నారు. మూడో ఆదివారం మాత్రం తోట మొత్తం ఖాళీగా ఉందని, మధ్యలో దడి ఉంది కాబట్టి నాకు కావలసిన సగం తీసుకోమని అన్నారు. ఒక సగంలో మామిడి చెట్లు. రెండో సగంలో కొబ్బరి, రెండు ఉసిరి చెట్లు. రెండువైపులా మధ్యాహ్నం ఒంటిగంటకి నీడ కొలిచాను. మామిడి కింద వెయ్యీ నూట ఎనభై చదరపు అడుగులు. ఉసిరి ఆకు జల్లెడలాంటిది, దాని కింద ఎండా నీడా కలిసిపోయి ఉంటాయి, అది నీడ కిందకి రాదు. నా కాగితంలో ఉసిరి చెట్ల ఎదురుగా సున్నా వేసి, మామిడి సగం తీసుకున్నాను. ఆ సున్నా నా చేత్తో వేసిందే.

తర్వాత ఆదివారాల లెక్క. బ్రాంచిలో ఒక్కొక్కరినీ అడిగాను: మీకు ఏ ఆదివారం వీలుపడదండి? ఏం చెప్తారు? "మీరెప్పుడంటే అప్పుడేనండి." "దానికేముందండి, అలాగేనండి." అరవై మూడు మందిని అడిగితే అరవై రెండు 'అలాగేనండి'లు వచ్చాయి. మా వైపు 'అలాగేనండి' అంటే వస్తామని కాదు, మిమ్మల్ని నొప్పించలేమని. అక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియనిది కాదు. అయినా కాగితం మీద టిక్కులు పెట్టుకున్నాను.

అలా అననిది వ్యాను డ్రైవరు ఒక్కడే. నా ఈడువాడే. "నాకు ఏ ఆదివారమైనా ఒకటేనండి. పదిన్నర దాకా చర్చి ఉంటాదండి, ఆ పైన ఎప్పుడైనా పర్లేదండి," అన్నాడు. హాజరు తొమ్మిదింటికి అన్నాను. రెండు రోజుల తర్వాత వచ్చి, ఆ ఒక్క వారం మానేస్తానండి, రాసుకోండి అన్నాడు. రాసుకున్నాను.

టిక్కుల మీద నమ్మకం లేక, గోడల మీద అంటించిన కరపత్రాలు చూసి ఎవరి వనభోజనాలు ఏ ఆదివారమో రాసుకుని, మా వాళ్ళలో ఎవరు ఎటు పోతారో లెక్కగట్టాను. అన్నాళ్ళూ పక్క బల్లవాడి కులమేమిటని నేనెప్పుడూ అడిగి ఎరగను. ఒక కంపెనీవాళ్ళని కలపడం కోసం మొదటిసారి అందరినీ విడదీసి గళ్ళలో వేశాను. మొదటి ఆదివారం పంతొమ్మిది మంది ఉండరు. రెండోది పదమూడు, అందులో నేనూ ఒకణ్ణి. మూడోది అయిదుగురు. నాలుగోది పదహారు. మిగిలిన పదకొండుమందికి ఏ కరపత్రంలోనూ చోటు లేదు. మూడో ఆదివారం పెడితే యాభై తొమ్మిది మంది వస్తారు. కావలసినది యాభై ఎనిమిది. ఒక్క మనిషి మిగులు.

మా ఆవిడకి ఆ కాగితం చూపించాను. ఆవిడ గళ్ళన్నీ చూసి, "అయితే మనం రెండో ఆదివారం మనవాళ్ళతో తినొచ్చి, మూడో ఆదివారం అందర్నీ కలుపుతారన్నమాట మీరు," అంది. నేను కాగితం మడిచేశాను. రెండో ఆదివారం ఇద్దరం వెళ్ళి తినే వచ్చాం.

దానికి ముందు వారం, అంటే మొదటి ఆదివారం, వాయుగుండం వచ్చి రెండు రోజులు వాన కురిసింది. ఎవరి తోటలోనూ పొయ్యి వెలగలేదు. తడిసిపోయినవాళ్ళు ఊరుకోరు, ఇంకో ఆదివారం చూసుకుంటారని మా ఆవిడే అంది. సోమవారం మా అకౌంట్సు పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆ మొదటి ఆదివారం సంఘానికి ఆయన కార్యదర్శి. మీవి మళ్ళీ ఎప్పుడండి అన్నాను. ఇంకా ఏం అనుకోలేదండి, చూడాలి అన్నారు. మన ప్రోగ్రాముకి వస్తారు కదండి అన్నాను. "అయ్యో, ఎందుకు రానండి, అలాగేనండి," అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. వచ్చారు కూడా.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి హాజరు తీశాను. పాలకొల్లు నుంచి రావలసిన ఫీల్డు మనిషి, గేదె ఈనిందని రాలేదు. యాభై ఎనిమిది. మిగులు పోయింది కానీ లెక్క సరిపోయింది. పర్సనెల్ ఆఫీసరు గారు మెడలో ఈల వేసుకుని వచ్చారు. ఎర్ర, నీలం, ఆకుపచ్చ, పసుపు టోపీలు పంచి నాలుగు జట్లు చేశారు. ఒకరు కళ్ళు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనకవాళ్ళు పట్టుకోవాలి, దాంతో నమ్మకం పెరుగుతుంది అన్నారు. గోడౌను మేస్త్రీ వెనక్కి పడితే పట్టుకోవలసిన ముగ్గురూ కింద పడ్డారు. మేస్త్రీ లేచి దుమ్ము దులుపుకుంటూ, "బస్తాకైతే కొక్కెం ఉంటాదండి," అన్నాడు. అందరూ నవ్వారు. నిజంగానే బాగుంది ఆ గంట. నీడ నేను కొలిచినచోటే పడింది.

పది దాటాక దడి అవతల లారీ ఆగిన చప్పుడైంది. వంట గుండిగలు దించారు. షామియానా లేచింది. పదకొండుకి మైకు: హలో, హలో, మైకు టెస్టింగ్. తర్వాత మా అందరికీ తెలిసిన గొంతు, అకౌంట్సు పెద్దాయనది. నెత్తిన మా నీలం టోపీ అలాగే పెట్టుకుని, మన బంధువులందరికీ స్వాగతం అంటున్నారు. పొద్దున్న నా పక్కనే నిలబడి సంతకం చేసిన మనిషి. తోటాయన దగ్గరికి పరిగెత్తాను. "మీకు మీ సగం ఇచ్చాను కదండి. ఉసిరి చెట్లున్న సగం కార్తీకంలో ఖాళీగా ఉంటుందా అండి?" అన్నారాయన. తప్పు ఆయనది కాదు.

పన్నెండున్నరకి చూస్తే మా టోపీలు తగ్గాయి. మొదట ఇద్దరు, మంచినీళ్ళకని. తర్వాత నలుగురు. హెడ్డాఫీసు రూలు ప్రకారం మా భోజనం పొట్లాలు, నిలబడి అందరితో మాట్లాడుతూ తినాలి. దడి మీదుగా దప్పళం వాసన, కంద బచ్చలి కూర వాసన. ఒంటిగంటకి పంతొమ్మిది మంది లేరు. పిలుచుకు రమ్మని ఫీల్డు సూపర్‌వైజరుని, సీనియర్ టైపిస్టుని పంపాను. వాళ్ళది ఆ సంఘం కాదు, అందుకే పంపాను. వాళ్ళూ రాలేదు. డ్రైవరుని వెళ్ళమన్నాను. దడి దాకా వచ్చి ఆగిపోయాడు.

"నేను అక్కడికి ఎల్లనండి. బాగోదండి."

అతను ఎందుకలా అన్నాడో అడగలేదు. రిజిస్టరు అతని చేతికిచ్చి, రెండున్నరకి మధ్యాహ్నం హాజరు వేళకి నేను రాకపోతే తలలు లెక్కపెట్టి ఉంచమని చెప్పి నేనే వెళ్ళాను.

మూడు వందల మంది బంతుల్లో వరసగా కూర్చుని తింటున్నారు. మధ్యమధ్యలో మా రంగు టోపీలు, నాలుగు రంగులూ కలిసి. టైపిస్టావిడ ఉసిరి చెట్టు మొదట్లోనే కూర్చుంది. "కార్తీకంలో ఉసిరి కింద ఒక్క ముద్ద తినకుండా మామిడి చెట్టు కింద పొట్లం ఏంటండి," అంది నన్ను చూసి. లేవండి, హాజరు తియ్యాలి అన్నాను. బంతి మధ్యలో లేస్తారా ఎవరైనా అన్నారు పక్కవాళ్ళు. నిజమే, లేవరు. అకౌంట్సు పెద్దాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"కూర్చోండి."

"డ్యూటీలో ఉన్నానండి."

"మా తోటకి వచ్చి తినకుండా వెళ్తే మమ్మల్ని ఏమనుకోమంటారండి? ఒక్క ముద్ద. కూర్చోండి."

భుజం నొక్కి కూర్చోబెట్టారు. ఆకు వేశారు. పులిహోర వడ్డించారు. ఇంక లేవడానికి వీల్లేదు. నా గడియారంలో రెండు ఇరవై. కూర వచ్చింది, పప్పు వచ్చింది, వడ్డించేవాళ్ళకి నా తొందర పట్టలేదు. రెండున్నరకి దడి అవతల ఈల వినిపించింది. కాసేపటికి దడి మీదుగా డ్రైవరు ముఖం కనిపించింది. రిజిస్టరు గుండెలకి ఆనించుకుని ఉన్నాడు.

"సార్, ముప్ఫై ఆరండి," అన్నాడు. గట్టిగా అనలేదు, నాకు వినపడేంత. "మిమ్మల్ని కలపలేదండి. కలపమంటారా?"

ఆకులో దప్పళం అప్పుడే పడింది. వద్దని తల ఊపాను. మజ్జిగ దాకా తిన్నాను. అంతసేపూ అతను దడి అవతల అలాగే నిలబడి ఉన్నాడు.

అయిదింటికి అందరూ తిరిగొచ్చారు, బహుమతులకీ ఫొటోకీ. యాభై ఎనిమిది మందీ. పర్సనెల్ ఆఫీసరు గారు చాలా సంతోషించారు. మధ్యాహ్నం ఆయన మేనేజరు గారితో షెడ్డులో కూర్చుని భోంచేసి, కునుకు తీసి, ఈల ఊది మళ్ళీ పడుకున్నారట. మేనేజరు గారు నన్ను పక్కకి పిలిచారు.

"పొద్దున యాభై ఎనిమిది, సాయంత్రం యాభై ఎనిమిది. మధ్యలో మాత్రం వేరే ఎందుకుంటుందండి? రాసేయండి."

"ముప్ఫై ఆరండి."

"మీ ఉత్తరం ఆయన బ్యాగులో ఉంది. తెలుసు కదా?"

తెలుసు. పెన్ను తీశాను. యాభై ఎనిమిది రాయడానికి చెయ్యి వెళ్ళింది కూడా, లేదని చెప్పను. కానీ ఆ రిజిస్టరులో డ్రైవరు పెన్సిలుతో ముప్ఫై ఆరు పేర్లకి ఎదురుగా చిన్న గీతలు పెట్టాడు. నా పేరు దగ్గర గీత లేదు. చర్చి మానుకుని వచ్చి, పొద్దుట్నుంచీ ఆ దడి ఇవతలే ఉన్న మనిషి లెక్క అది. దాని మీద నా అంకె దిద్దలేకపోయాను. ముప్ఫై ఆరు రాసి, పొద్దున ఉండి అప్పుడు లేని ఇరవై రెండు మందిలో నా పేరు కూడా రాసి సంతకం పెట్టాను. మేనేజరు గారు రిజిస్టరు తీసుకుని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. సామర్లకోట పంపలేదు. ఆఫీసరు పోస్టుకి డిగ్రీ ఉన్న వేరే ఆయన్ని వేశారు. నన్ను ఇన్‌ఛార్జిగానే, ఆయన కింద ఉంచారు. 'స్థలం ఎంపిక ప్రశంసనీయం, వచ్చే ఏడాది కూడా వీరికే అప్పగించవలసినది' అని ఒక ముక్క కలిపారు. ఆ ముక్క చదివి నవ్వాలో ఏడవాలో తెలియక ఫైల్లో పెట్టేశాను.

మరుసటి ఏడాది అదే ఫారం వచ్చింది. ఇరవై మూడు గళ్ళు, కార్ల గడితో సహా. తేదీ గడిలో ఒక బుధవారం రాశాను. ఆదివారం ఎందుకు కాదండి అని కొత్త ఆఫీసరు గారు అడిగారు. ఆదివారం ఎవరివాళ్ళు వాళ్ళకి ఉంటారండి, మన వాళ్ళు మనకి దొరికేది పనిరోజుల్లోనేనండి అన్నాను. ఆయన డిగ్రీ ఉన్నాయన, నవ్వి సంతకం చేశారు. వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి తిరిగొచ్చింది. పనిరోజు పోగొట్టడానికి వీల్లేదు, ఆదివారమే పెట్టండి అని.

హాజరు వేళైనా మార్చమని మళ్ళీ రాశాను. మొదటి హాజరు తొమ్మిదికి కాదు, పదకొండుకి. దానికి మాత్రం ఒప్పుకున్నారు. ఆ కాగితం తీసుకెళ్ళి వ్యాను దగ్గర డ్రైవరుకి చూపించాను. చదివి, మడిచి నాకే ఇచ్చేశాడు. "ఈసారి ఉసిరి చెట్టున్న సగం తీసుకోండి సార్," అన్నాడు. నేనూ టేపు తీసుకుని ఆ సాయంత్రమే తోటకి వెళ్ళాను. తోటాయన నోటు పుస్తకం తీశారు. ఉసిరి సగం నాలుగు ఆదివారాలూ అప్పటికే అయిపోయింది.